పాత పాట – క్రొత్త పాట

"క్రొత్త యొక వింత, పాత యొక రోత" అని తెలుగున నొక సామెత కలదు. వస్త్రములు, వాహనములు, ఆటవస్తువులు మొదలగువాని విషయమున ఈ సామెత చక్కగా చెల్లును. సినిమా పాటల విషయమున మాత్రము ఇది తలక్రిందగును. ఇంటిలోని పెద్దల నడిగినచో పాతదే వింత, క్రొత్తది రోత యని చెప్పుదురు. ఘంటసాల పాట వినబడగానే తాతగారు కన్నులు మూసికొని తల యూచుదురు. మనుమడు తన పాట పెట్టగానే చెవులు మూసికొందురు. మనుమనికో, తాతగారి పాట వినినచో నిద్ర వచ్చును. ఇరువురికిని ఉన్నవి ఆ యేడు స్వరములే. ఐనను అభిరుచులలో ఇంత భేద మెందులకు? పాత పాటలు నిజముగానే గొప్పవా? లేక పెద్దల మనస్సులలోని దేదో వానికి ఆ గొప్పతనమును సమకూర్చుచున్నదా?

ఈ తగవు నేటిది కాదు. మహాకవి కాళిదాసు తన మాళవికాగ్నిమిత్ర నాటకపు ప్రస్తావనలోనే దీనిని ప్రస్తావించెను. భాసుడు మొదలగు ప్రసిద్ధులైన పూర్వకవుల నాటకము లుండగా, జీవించియున్న క్రొత్తకవి నాటకమును ప్రదర్శించుట యేల యని యచట నొక పాత్ర ప్రశ్నించును. ఆ ప్రశ్నకు సూత్రధారునిచేత కాళిదాసు తగిన సమాధానము చెప్పించెను. నేడు మనకు కాళిదాసే పూర్వకవి. నాటి క్రొత్త నేటి పాత యగుటకు ఇంతకంటె మంచి నిదర్శన మక్కరలేదు.

తెలుగు సినిమా పాటకు తల్లి నాటకరంగము. 1885లో కడప మండలమునందలి సురభి గ్రామమున పుట్టిన నాటకసమాజము, దాని తరువాత వెలసిన అనేక సమాజములు, ఊరూర పౌరాణిక నాటకము లాడినవి. హార్మోనియము ప్రక్కన నుండగా నటుడు పద్యమునందుకొని, దీర్ఘమైన రాగము తీసి, చివరి వరుసలోని వానికిని వినబడునట్లు పాడెడివాడు. జనులు "వన్స్ మోర్" అని కేకలు వేయగా, చచ్చిపడిన పాత్రధారియు లేచి మరల పాడుట ఆనాటి వేడుక. ఆ హార్మోనియము ఐరోపానుండి వచ్చిన వాద్యము. మన సంగీతములోని గమకములు దానిపై పలుకవని పండితులు దానిని నిరసించిరి. 1940లో ఆకాశవాణి దానిని తన ప్రసారములనుండి బహిష్కరించెను. ఆ నిషేధము మూడు దశాబ్దములు నిలిచెను. నేడు పాత నాటకములను తలచుకొను వారికి మొట్టమొదట స్ఫురించునది ఆ హార్మోనియపు శ్రుతియే!

1932లో హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున వెలువడిన 'భక్త ప్రహ్లాద' తెలుగున తొలి టాకీ. ఆ తొలినాళ్ళలో నటించువారే పాడవలెను. నటి కెమెరా యెదుట నిలిచి పాడుచుండగా, వాద్యకారులు తెరపై కనబడకుండ చాటున కూర్చుండి వాయించెడివారు. రూపము, నటన, కంఠము మూడును ఒక్కరియందే లభించుట అరుదు. ఈ చిక్కును తీర్చినది నేపథ్యగానము. 1935లో కలకత్తాలోని న్యూ థియేటర్సు వారు, నితిన్ బోసు దర్శకత్వమున తీసిన చిత్రములో, రాయ్‌చంద్ బొరాల్ సంగీతసారథ్యమున, పాటను ముందుగా పాడించి పట్టి, తరువాత నటులచే పెదవులు కదలింపజేసిరి. పదియేండ్లు గడచునప్పటికి ఈ పద్ధతి తెలుగు చిత్రములందును పాదుకొనెను. ముఖ మొకరిది, గొంతు వేరొకరిది యగుట మొదటిసారి వినినవారికి ఎంత వింతగా తోచియుండునో ఊహింపవచ్చును. చిత్తూరు నాగయ్య, పి. భానుమతి వంటివారు మాత్రము తమ పాటలను తామే పాడుకొని ఆ పాత సంప్రదాయమును నిలిపిరి.

నేపథ్యగానముతోపాటు మైకు పాట స్వభావమునే మార్చివేసెను. నాటకశాలలోవలె కేక పెట్టవలసిన పని లేకపోయెను. చెవిలో చెప్పిన రహస్యమువలె మెల్లగా పాడినను మైకు దానిని పట్టుకొనును. అందువలన సుకుమారమైన భావములు పాటలోనికి ప్రవేశించినవి. విజయనగరపు సంగీత కళాశాలలో శాస్త్రీయసంగీతము నభ్యసించిన ఘంటసాల వేంకటేశ్వరరావు, ఆ నగరముననే జన్మించిన పి. సుశీల, మరియు పి. లీల, జిక్కి మొదలగువారు ఈ సౌలభ్యమును చక్కగా వినియోగించుకొనిరి. సాలూరి రాజేశ్వరరావు సంగీతము కూర్చిన 'మల్లీశ్వరి', ఘంటసాల కూర్చిన 'పాతాళభైరవి' ఒకే సంవత్సరమున, 1951లో, వెలువడినవి. 1953లో సుబ్బరామన్ సంగీతముతో 'దేవదాసు', 1957లో 'మాయాబజార్' వచ్చినవి. దేవులపల్లి కృష్ణశాస్త్రి, సముద్రాల, పింగళి, కొసరాజు వంటి కవులు వ్రాయుచుండిరి. పాటకు మూడు నిమిషముల కొలత యేర్పడుటకు గ్రామఫోను పళ్ళెము ఒక ముఖ్యకారణము. లక్కతో చేయబడి, నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ పళ్ళెము ఒక ప్రక్కన మూడు నిమిషములకు కొంచెము మించి పట్టెడిది. పల్లవి, రెండు మూడు చరణములు, నడుమ వాద్యములు – అంతలోనే కవియు, గాయకుడును తాము చెప్పదలచినదంతయు చెప్పవలెను.

ఇదియే నేడు పెద్దలు స్వర్ణయుగమని చెప్పు కాలము. కాని ఆ కాలమున ఈ పాటలకు జరిగిన మర్యాద తెలిసికొనదగినది. 1952లో కేంద్రమున సమాచార ప్రసార శాఖ మంత్రియైన బి. వి. కేస్కర్, సినిమా సంగీతము జనుల అభిరుచిని చెరచుచున్నదని భావించెను. ఆకాశవాణిలో సినిమా పాటల ప్రసారము మిక్కిలి తగ్గి, కొంతకాలము దాదాపుగా నిలిచిపోయెను. శాస్త్రీయసంగీతమునకు పెద్దపీట వేయబడెను. శ్రోతలు ఊరకుండలేదు; రేడియో ముల్లును సిలోను వైపు త్రిప్పిరి. ఆ 1952లోనే హిందీ పాటల 'బినాకా గీతమాల' సిలోను రేడియోలో ప్రారంభమై దేశమంతటిని ఆకర్షించెను. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన ఆకాశవాణియే వివిధభారతిని స్థాపించి సినిమా పాటలను మరల ఆహ్వానింపవలసివచ్చెను. నాడు అభిరుచిని చెరచునని పెద్దలు వెలివేసిన పాటలనే, నేటి పెద్దలు అభిరుచికి గీటురాయిగా చూపుచున్నారు!

తరువాతి కథయు ఇట్టిదే. 1966లో ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము తన మొదటి సినిమా పాట పాడెను. 1974లో ఘంటసాల అస్తమించెను. ఘంటసాలకు అలవాటుపడిన చెవులకు క్రొత్తగొంతు వెంటనే రుచింపకపోవుట సహజము. ఐనను కాలక్రమమున బాలసుబ్రహ్మణ్యమే ఇంటింటి గాయకుడయ్యెను. క్యాసెట్టులు వచ్చినవి, అంగడిలో పాటల పట్టిక యిచ్చి, తమకు నచ్చినవానిని వరుసగా ఎక్కించుకొనుట పడుచువారికి గొప్ప సరదా యయ్యెను. 1980లో, కథానాయకుడు శాస్త్రీయసంగీత విద్వాంసుడైన 'శంకరాభరణము' వచ్చి, జనులను విశేషముగా ఆకట్టుకొనెను. దానికి సంగీతము కూర్చిన కె. వి. మహదేవన్‌కును, పాడిన బాలసుబ్రహ్మణ్యము, వాణీజయరామ్‌లకును జాతీయ పురస్కారములు లభించినవి. అభిరుచి ఒకే దారిన పోవునది కాదనియు, విడిచిన త్రోవకు మరల రాగలదనియు ఆ చిత్రము నిరూపించెను. తరువాత ఇళయరాజా వాద్యసమ్మేళనము ఒక తరమును ముగ్ధులను గావించెను. 1992లో 'రోజా' చిత్రముతో ఎ. ఆర్. రెహమాన్ కంప్యూటరు సహాయమున క్రొత్త ధ్వనులను పరిచయము చేసెను. 2023లో 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రములోని పాటకు సంగీతదర్శకుడు కీరవాణి, కవి చంద్రబోసు ఆస్కారు బహుమతిని పొందిరి. ఆ పాటకు ప్రాణము మన పల్లెల చిందుల దరువే! 1951లో యువకుడైనవానికి ఘంటసాల పాట బంగారము. 1985లో యువకుడైనవానికి ఇళయరాజా పాట బంగారము. స్వర్ణయుగ మనునది పంచాంగమున ఒకచోట నిలిచియుండక, మనిషిని బట్టి జరుగుచుండును.

దీనికి కారణ మేమి? 1688లో యోహానెస్ హోఫర్ అను స్విట్జర్లండు వైద్యవిద్యార్థి, దేశాంతరములందున్నవారు స్వస్థలమునకై పడు బెంగను వ్యాధిగా వర్ణించి, గ్రీకుమాటలతో దానికి 'నోస్టాల్జియా' అని పేరు పెట్టెను. స్విట్జర్లండు సైనికులు పరదేశములలో కొలువుచేయుచు, తమ కొండలలోని పసులకాపరుల పాట చెవిని పడినచో ఇంటిపై బెంగతో కన్నీరు పెట్టుకొనెడివారనియు, అందువలన వారి దండులలో ఆ పాట నిషేధింపబడెననియు ఫ్రెంచి రచయిత రూసో తన సంగీత నిఘంటువులో వ్రాసెను. ఆ శక్తి పాట స్వరములలో లేదనియు, అది వినువాని స్మృతులలోనే కలదనియు ఆయన గ్రహించెను. కాలక్రమమున ఆ మాట అర్థము మారినది. ఊరిపై బెంగ కాస్త కాలముపై బెంగ యయ్యెను. ఊరికైనచో తిరిగి పోవచ్చును. గడచిన కాలమునకు బండి లేదు. అచటికి కొంతదూరము తీసికొనిపోగలది పాట యొక్కటే.

1989లో అమెరికాలో హాల్‌బ్రుక్, షిండ్లర్ అను నిరువురు పరిశోధకులు వేరువేరు వయస్సులవారికి వేరువేరు కాలముల పాటలను వినిపించి, ఏవి నచ్చినవో అడిగిరి. సుమారు ఇరువదినాలుగేండ్ల ప్రాయమున ప్రచారములో నుండిన పాటలే జనులకు ఎక్కువ ప్రియమైనవని తేలెను. మొదటి స్నేహములు, మొదటి యుద్యోగము, ఊరు విడిచిపోవుట, వివాహము – జీవితములో మరువరానివి అనేకము ఆ వయస్సుననే జరుగును. అప్పుడు వినిన పాట ఆ యనుభవములతో పెనవేసికొని పోవును. తాతగారు తల యూచునది స్వరమునకు మాత్రమే కాదు. డేరాహాలులో ఇసుకపై కూర్చుండి చూచిన ఆట, కొద్ది అణాలకు కొనిన పాటల పుస్తకము, పంచాయతీ రేడియో చుట్టును చేరిన స్నేహితులు, వారిలో నేడు లేనివారు – వీరందరును ఆ పాటతో పాటు వచ్చి ఆయన యెదుట నిలుతురు. మనుమనికి పాట మాత్రమే వినబడును.

మరియొక కారణము కలదు. కాలము గొప్ప జల్లెడ. ఆ రోజులలోను సామాన్యమైన పాటలు, అనుకరణలు కుప్పలుగా వచ్చినవి. అవి జల్లెడనుండి జారిపోయినవి, మేలైనవి మిగిలినవి. మిగిలిన ఆ కొన్నింటిని నేడు వచ్చు పాటలన్నింటితో సరిపోల్చి, పాతకాలమే మేలనుట తూర్పారబట్టిన ధాన్యమును కళ్ళములోని పొల్లుతో పోల్చుట వంటిది.

ఐనను పెద్దల మాట వట్టి భ్రమ కాదు. నాడు గాయకులు, వాద్యకారులు అందరును ఒకచోట కూడి, ఒకేసారి పాడి వాయింపవలెను. ఒక్కరు తప్పినచో పాట మొదటికి వచ్చెడిది. అందువలన సాధన గట్టిగా నుండెడిది. వాద్యములు తక్కువగుటచే ప్రతి మాటయు స్పష్టముగా వినబడెడిది. నేడు ఒక్కొక్కరు వేరువేరు దినములలో పాడినను కంప్యూటరు దానిని కూర్చును. తప్పిన శ్రుతిని సరిదిద్దును. ఇందు పోయిన దొకటి కలదు, వచ్చిన దొకటి కలదు. పూర్వము వినజాలని సూక్ష్మధ్వనులు నేడు వినబడుచున్నవి. పల్లెపాటలు, దూరదేశముల వాద్యములు పాటలో చోటు సంపాదించినవి.

ఈ తగవులో నిజముగా నష్టపోవునది పాటయే. లక్కపళ్ళెములు చేయి జారినచో పగులును. క్యాసెట్టు పట్టీలు బూజుపట్టును. తొలి టాకీలలో అనేకము నేడు చూడనైనను లభించుట లేదు. దేశపు చిత్రములను భద్రపరచుటకై పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో గాని యేర్పడలేదు. అంతకు ముందే చాల నశించినవి. పళ్ళెము దొరకినను, దానిలో పాడిన దెవరో, ఆ పాట ఊరిలో ఎట్లు మ్రోగెనో చెప్పగల పెద్దలు ఏటికేడు తగ్గిపోవుచున్నారు. వారి పాట రోతయని నవ్వినచో వారు చెప్పుట మానుదురు. చెప్పుట మానినది మరల తెలియదు.

కావున పాట పాతదా, క్రొత్తదా యని కాక, మంచిదా, కాదా యని చూచుట వివేకము. తాతగారు పాట వినుచు కన్నులు మూసికొనినపుడు, ఆ పాటను మొదట ఎక్కడ వింటిరని మనుమడు అడుగవలెను. మనుమని పాటను తాతగారును ఒకసారి చివరివరకు వినవలెను. ఏలయన, నేడు మనుమడు మెచ్చు పాటయు ఏబదియేండ్లకు పాతపాట యగును. అప్పుడు అతడు కన్నులు మూసికొని తల యూచుచుండగా, ప్రక్కనున్న బాలుడు చెవులు మూసికొనకుండుట, నేడు ఇతడు నేర్చుకొనిన మర్యాదపై ఆధారపడియుండును.