బండి కీలు బిగిసినప్పుడు

మన యిండ్లలో తరచుగా జరుగు నొక చిన్న సంగతితో మొదలిడెదను. కడిగిన స్టీలు గ్లాసులను తడి యారకముందే ఒకదానిలో నొకటి దోపి అలమారలో సర్దుదుము. మరునాడు చూడగా అందు రెండు విడిపోక పట్టుకొని యుండును. పిల్లలు చెరియొక ప్రక్కను పట్టి లాగుదురు. ఎంత లాగినను రావు. అంతలో ఇంటి పెద్దామె వచ్చి, వెలుపలి గ్లాసు చుట్టును గరిటె కాడతో టకటక తట్టి, ఇట్టే ఊడదీయును. బలముచేత కాని పని తట్టుటచేత నేల యగునో నేను చాలకాలము విచారింపలేదు. మొన్నటి వేసవి సెలవులలో మా కారు ముందుచక్రముకడ నొక కీలు ఇట్లే బిగిసి, మమ్ము రెండు దినములు అలమటింపజేసిన పిదపగాని అది నాకు బోధపడలేదు.

మావారు చిత్తూరులో ఉపాధ్యాయులు. మాకొక పాత మారుతి 800 కలదు. 1983 డిసెంబరున మొదటి బండి వీధికెక్కినది మొదలు 2014లో తయారీ నిలిచిపోవువరకు ఎన్నో మధ్యతరగతి సంసారములను మోసిన కారది. మా అత్తగారు దానిని ‘తెల్లావు’ అందురు. ఆ తెల్లావు కుంటుచున్నదని మొదట కనిపెట్టినదియు నామెయే. కాణిపాకము పోయి తిరిగి వచ్చుచుండగా, గతుకు వచ్చినప్పుడెల్ల ఎడమప్రక్క టక్కుమను చప్పుడు వినవచ్చినది. “కాలు బెణికిందిరా దీనికి” అని యామె యనగా వారు నవ్విరి. నేనును నవ్వితిని. కొంతకాలమునకు ముందుటైరు ఒక అంచున మాత్రమే అరిగియుండుట చూచి నవ్వుట మానితిమి.

కారు నడుపువాడు చేతిలోని చక్రమును త్రిప్పగా ముందుచక్రములు తిరుగుట మన మెరిగినదే. ఆ త్రిప్పును చక్రమునకు అందించుటకు ఇరుప్రక్కల నొక్కొక్క ఇనుపకడ్డీ కలదు. కడ్డీ కొనయం దొక చిన్న గిన్నె, ఆ గిన్నెలో నొక ఉక్కుగుండు, గుండునుండి వెలువడిన యొక కాడ. మన భుజపుకీలు వలెనే ఇది ఎటు వంచిన నటు వంగును. మెకానిక్కులు దీనిని ‘టైరాడ్ ఎండ్’ అందురు. గిన్నెలో గ్రీజు నింపి, పైన రబ్బరు తొడుగు వేయుదురు. తొడుగు చిరిగెనా, గ్రీజు కారిపోవును. దుమ్మును నీరును లోపలికి చేరును. మన సీమ యెండలకు రబ్బరు పెళుసెక్కుటయు, మన బాటల యెఱ్ఱమట్టి పొడియు దీనికి కీడే. గుండు అరిగి గిన్నెలో వదులైనప్పుడు చప్పుడు పుట్టును, చక్రము తిన్నగా పోక తడబడును. మరియు నుపేక్షించినచో గుండు గిన్నెనుండి ఊడి రావచ్చును. అప్పుడు చేతిలోని చక్రము తిరుగును గాని ఆ ప్రక్క బండిచక్రము మాట వినదు.

దశరథుని రథమునకు యుద్ధమధ్యమున చీల ఊడిపోగా కైకేయి తన వ్రేలిని చొప్పించి నిలిపెనని మనవారు చెప్పుకొందురు. వాల్మీకి రామాయణమున నీ వ్రేలి కథ లేదు, మూర్ఛిల్లిన భర్తను రణమునుండి తప్పించెననియే యున్నది. ఐనను జనుల నోట నిలిచినది వ్రేలి కథయే. చిన్న చీల యూడిన రథమే నిలువదని ఎరిగిన బండ్లవారే దానిని నిలిపియుందురని నా ఊహ.

మాకు తొందర కలదు. మా చిన్నమ్మాయి తలనీలాల మొక్కు సెలవులు ముగియులోపల తీర్చవలసియుండెను. పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతి చేరి, 1974లో వేసిన రెండవ ఘాటురోడ్డున కొండ యెక్కి, 1944 నాటి మొదటి ఘాటురోడ్డున దిగవలెను. ఆ దిగుడు మలుపులు చూచినవారికి నేను చెప్పనక్కరలేదు. ప్రతి మలుపున బరువంతయు ముందుచక్రముల మీదికే వచ్చును. అరిగిన కీలుతో, ఒడిలో బిడ్డను పెట్టుకొని ఆ దారిని దిగుటకు నేను ఒప్పుకొనలేదు. బస్సున పోదమన్నచో అత్తగారి మోకాళ్లు బస్సుమెట్లకు ఒప్పుకొనవు.

పట్టణములో నొక వర్క్‌షాపువారు బండి క్రిందికి సరిగ తొంగియైన చూడక స్టీరింగు సామాను మొత్తము మార్చవలెననిరి. వారు చెప్పిన మొత్తము విని మేము మాటాడక వచ్చితిమి. మా వీధి చివర నుండు మెకానిక్కు మాత్రము జాకీ వేసి బండి నెత్తి, చక్రమును కుడియెడమల రెండు చేతుల పట్టి కుదిపి చూపెను. ఆ కుదుపున కీలుకడ సందు కంటికి కనబడెను. “ఎండు ఒకటి మారిస్తే చాలు సార్” అని చెప్పి, మరునాడే బంధువుల పెండ్లికి ఊరు పోయెను. క్రొత్త కీలు కొని తెచ్చి, పని తామే చేసెదమని మావారు పూనుకొనిరి.

ఇచ్చట సోదరీమణులకొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. బండితో నిచ్చు జాకీ చక్రము మార్చుటకే గాని, దాని నమ్మి మనుష్యుడు క్రింద దూరుటకు కాదు. మా వాకిలి కడప బండల నేల. నునుపుగా నుండును. వెనుకచక్రములకు రాళ్లడ్డు పెట్టి, ఊడదీసిన చక్రమును బండి ప్రక్క అంచు క్రింద పడుకోబెట్టిన తరువాతగాని క్రింద తల పెట్టరాదని నేను పట్టుబట్టితిని. ఆలస్యమగునని వారు విసుగుకొనిరి. మొదటిదినము మధ్యాహ్నము నట్టు విప్పుటకై బలముగా గుంజుచుండగా జాకీ బండమీద జారెను. బండి ధబ్బున పడి, ఆ పడుకోబెట్టిన చక్రముమీద ఆగెను. వారి చేయి జానెడు దూరమున నుండెను. ఇరువురము కొంతసేపు మాటాడలేదు. అత్తగారు లోపలినుండి “ఏమైందమ్మా?” అనిరి. ఏమియు కాలేదంటిని. ఆ సాయంత్రమే రెండు ఇనుప స్టాండ్లు కొని తెచ్చితిమి. ఇంట బండిపని చేయువారికి సుత్తికంటె ముందు కొనవలసినవి అవియే.

ఇక బిగిసిన కీలు. కాడ నిలువునా ఒకే లావుగా నుండదు. గ్లాసువలె ఒకవైపు సన్నగిలును. చక్రమువైపు చేతికి గల రంధ్రమును అదే వాలున తొలిచియుందురు. నట్టు బిగించిన కొలది కాడ రంధ్రములోనికి చొచ్చి, రాపిడిచేతనే కరచుకొనును. వాలు స్వల్పమగుటచే నట్టు తీసివేసినను పట్టు సడలదు. అమెరికా దేశమున స్టీఫెన్ మోర్స్ 1860ల నాటినుండి బరమాలను యంత్రమున నిలుపుటకు వాడుకలోనికి తెచ్చిన ఏర్పాటును ఈ సూత్రము మీదనే నడచును. దానిపై తుప్పుకూడ చేరినచో చెప్పవలెనా!

మావారు తుప్పు విడుచు నూనె చల్లి రాత్రియంతయు నానబెట్టిరి. అది మంచిదే. కాని ఉదయమున నట్టు పూర్తిగా తీసివేసి, కాడ కొనమీద సుత్తితో మోదసాగిరి. ఇది సరియైన పని కాదు. మరలు నలిగి కొన పుట్టగొడుగువలె విప్పారెను గాని కాడ కదలలేదు. ఎట్లును పారవేయు కీలు గనుక నష్టము లేదు. మరల వాడవలసినదే యైనచో పాడైపోయి యుండెడిది. నట్టును పూర్తిగా తీయక నాలుగు మరలమీద నిలిపియుంచుట మేలు. మరలు కాపాడబడును, కాడ ఊడినప్పుడు కడ్డీ ఎగిరి మొగమునకు తగులదు.

తుదకు మెకానిక్కునకు ఫోను చేసితిమి. పెండ్లిమేళము నడుమ అతడు బిగ్గరగా చెప్పెను: “కాడ మీద కొట్టొద్దు సార్. లాగితే రాదు. దాన్ని పట్టుకుండే చెయ్యి ఉంది చూడండి, ఆ చెవికి పక్కన కొట్టాల. అవతల పక్క ఇంగో సుత్తి ఆనించండి. అక్కను పట్టుకోమనండి.”

అక్కను నేను. పొరుగింటివారి సమ్మెట తెచ్చి, దాని మొగమును చెవికి ఆవలిప్రక్క నొత్తి పట్టితిని. వారు ఈవలిప్రక్క నాలుగు దెబ్బలు వేసిరి. అయిదవ దెబ్బకు ఠక్కుమని చప్పుడై, కాడ తనంతట తాను నట్టువరకు జారెను. నా మోచేతులవరకు ఆ అదురు వచ్చెను. దెబ్బ తగిలిన క్షణమున రంధ్రము రవంత కోలగా సాగి, అన్నివైపులను సమముగా నుండిన పట్టు చెదరును. ఆ సందుననే కాడ వదలును. అంతవరకు చేసిన గుంజులాటయంతయు వృథాయే. నాకు గ్లాసులు జ్ఞాపకము వచ్చినవి.

ఇంతకంటె సుళువుగ పుల్లర్ అను పనిముట్టు కలదు. రెండు కాళ్లతో చెవిని పట్టి, నడిమి మరతో కాడను నెట్టును. దానిని గట్టిగా బిగించి, ఆ బిగువుమీద చెవికి ప్రక్కన ఒక దెబ్బ వేసినచో నెంతటి కీలైనను సాధారణముగా వదలును. ఫోర్కువలె చీలిన ఇనుపముక్కను సందున దూర్చి కొట్టువారును గలరు. దానిచే రబ్బరు తొడుగు చిరుగును గనుక పారవేయు కీలుకే అది తగును. నిప్పుసెగ మాత్రము ఇంట వలదు. గ్రీజు అంటుకొనును, దగ్గరి రబ్బరు సామాను కాలును, గట్టిపరచిన ఉక్కు మెత్తబడును.

పాత కీలును కడ్డీనుండి విప్పునప్పుడు ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కపెట్టి వ్రాసికొంటిని. క్రొత్తదానిని అన్నియే చుట్లు ఎక్కించవలెను. లేనిచో చక్రముల ముఖము మారిపోవును. క్రొత్త నట్టు బిగించిన పిదప దాని గాడియు కాడ రంధ్రమును కలియకున్నచో, మరికొంత బిగించి కలుపవలెనే గాని వదులు చేయరాదు. అందు దూర్చు పిన్ను క్రొత్తదిగానే యుండవలెను. ఒకసారి వంచి తీసిన పిన్ను మరల వంచినచో తెగును. ఇంత చేసినను దుకాణమున చక్రముల అలైన్‌మెంటు చూపించితిమి. లెక్కపెట్టిన చుట్లకు దాదాపుగా సరిపోయినదనియు, కొంచెమే సర్దితిమనియు వారనిరి.

ఆడువారికి ఇనుపపని యేల యని పొరుగావిడ యడిగినది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అను జర్మను గృహిణి, భర్తకు చెప్పకుండ ఇరువురు కుమారులతో ఆయన చేసిన మోటారుబండి నెక్కి, మన్‌హైమునుండి ఫోర్ట్స్‌హైములోని పుట్టింటికి నూరు కిలోమీటర్లకు పైబడి పోయెను. త్రోవలో నూనెగొట్టము పూడుకొనగా టోపీసూదితో పొడిచి బాగుచేసికొనెను. ఈ సంగతి చెప్పగా పొరుగావిడ, భర్తకు చెప్పకుండ పోయెనా యని దానినిగూర్చియే మరల మరల అడిగినది.

కొండకు పోయి వచ్చితిమి. దిగునప్పుడు నేను కిటికీ కడ్డీ పట్టుకొని ఎడమప్రక్కకే చెవి యొగ్గి కూర్చుంటిని. చప్పుడు లేదు. గుండు కొట్టించుకొన్న పిల్ల ఒడిలో నిద్రపోయినది. అలిపిరి చేరగానే అత్తగారు, “కుడికాలు కూడా చూపించండిరా, రెండూ ఒక్క ఈడువే కదా” అనిరి. మరుసటి ఆదివారము చూచితిమి. కుడిప్రక్క తొడుగు పగులుటకు సిద్ధముగా నున్నది. స్టాండ్లు ఇంటనే యున్నవి గదా!