మాట సర్కారుది... బాకీ విద్యార్థిదా?

కాలేజీ చదువుకు ప్రభుత్వం డబ్బు కట్టాలా వద్దా అని చాలా దేశాలు ఇంకా వాదించుకుంటున్నాయి. తెలుగు నేల 2008లోనే ‘కడతాం’ అంది. ఆ మాట వల్ల లక్షల ఇళ్లలో తొలి పట్టభద్రులు తయారయ్యారు. ఆ మాట సమయానికి నెరవేరకపోవడం వల్ల అవే ఇళ్లు ఇప్పుడు అప్పుల పాలవుతున్నాయి.

బీటెక్ ఆఖరి సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి. అమ్మాయి పాసైంది, ఉద్యోగమూ వచ్చింది. చేరేరోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. కాలేజీ ఆఫీసులో ‘నో డ్యూస్’ ఫారం ఇస్తారు. లైబ్రరీలో సంతకం అవుతుంది, ల్యాబ్‌లో అవుతుంది, హాస్టల్లోనూ అవుతుంది. అకౌంట్స్ సెక్షన్‌కు వచ్చేసరికి ఆగిపోతుంది. ‘‘నీ ఆర్టీఎఫ్ (ఫీజు రీయింబర్స్‌మెంట్) రెండేళ్లది రాలేదమ్మా. ఇప్పటికి మీరు కట్టి తీసుకెళ్లండి, గవర్నమెంటు వేశాక వాపసిస్తాం’’ అంటారు. ఆ సాయంత్రమే తండ్రి వడ్డీకి డబ్బు వెతుక్కుంటూ బయల్దేరతాడు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎన్నో కాలేజీల్లో ఏటా జరుగుతున్న తంతు ఇది.

ఆ అమ్మాయి ఎవరికీ బాకీ లేదు. బాకీ పడింది ప్రభుత్వం. సర్టిఫికెట్లు మాత్రం ఆమెవి ఆగుతున్నాయి.

కోర్టు తీర్పు నుంచి పథకం దాకా

పేద పిల్లల కాలేజీ ఫీజు ఎవరు భరించాలన్న ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వెళ్లిన ప్రసిద్ధ కేసులో మన రాష్ట్రం పేరే ఉంది. 1993 నాటి ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ తీర్పు, పద్నాలుగేళ్లు వచ్చేవరకు చదువు ప్రాథమిక హక్కు అంది. ఆపై చదువును రాజ్య ఆర్థిక స్తోమతకు వదిలేసింది. ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు పెట్టమని చెప్పింది. డబ్బున్న ఇంటి పిల్లలు కట్టే ఎక్కువ ఫీజు లేనివారి చదువుకు ఆసరా అయ్యే ఏర్పాటు అది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఫ్రీ సీట్లు పోయాయి. ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో, అంటే కన్వీనర్ కోటాలో సీటొచ్చినా పూర్తి ఫీజు కట్టాల్సిన రోజులొచ్చాయి.

ఎస్సీ విద్యార్థులకు 1944 నుంచే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులున్నాయి. ఆ దారినే ఇంకా వెడల్పు చేసి, 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం బీసీలకు, ఆ తర్వాత అగ్రవర్ణ పేదలకూ (ఈబీసీ) ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చింది. పదో తరగతి దాటించడమే గగనమైన ఇళ్ల నుంచి ఇంజినీర్లు, ఫార్మసిస్టులు, నర్సులు వచ్చారు. తెలుగునాట సంక్షేమం సాధించిన గొప్ప మార్పుల్లో ఇదొకటని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

టోకెన్ పడింది, డబ్బు పడలేదు

లోపమంతా అమలులో ఉంది. మీసేవలో కుల, ఆదాయ ధ్రువపత్రాలు తీసుకోవాలి. తెలంగాణలోనైతే ఈపాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. హాజరు 75 శాతం ఉండాలి, వేలిముద్ర వేయాలి. ఇవన్నీ విద్యార్థి వంతు. వీటిలో ఏ ఒక్కటి గడువు దాటినా పేరు జాబితాలోంచి పోతుంది. ఆ తర్వాత బిల్లు ట్రెజరీకి వెళుతుంది, టోకెన్ నంబరు వస్తుంది. అక్కడి నుంచి గడువన్న మాటే ఉండదు. తెలంగాణలో ఏళ్ల తరబడి పేరుకుపోయిన బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన విద్యా దీవెన పథకం కింద ఆ తర్వాత డబ్బును తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీల ఖాతాలకే మళ్లించారు. డబ్బు ఏ ఖాతాలో పడాలన్నది మారిందే తప్ప ఎప్పుడు పడాలన్నది తేలలేదు.

ఇచ్చే మొత్తమూ చాలడం లేదు. తెలంగాణలో ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) పదివేల లోపు ర్యాంకు రాని బీసీ, ఈబీసీ విద్యార్థికి ప్రభుత్వం ఇంజినీరింగ్‌కు కట్టేది ఏడాదికి రూ.35 వేలే. ఉమ్మడి రాష్ట్రం నాటి ఆ లెక్క చాలాకాలంగా కదల్లేదు. ఈలోగా హైదరాబాద్ చుట్టుపక్కల పేరున్న కాలేజీల ఫీజు లక్ష దాటిపోయింది. మిగతాది ఇంటివాళ్లే తెచ్చుకోవాలి.

‘ఎందుకు కట్టాలి?’ అనేవారికి

కూలి పనివాళ్లు సబ్బు కొన్నా పన్ను కడుతున్నారు, ఆ డబ్బుతో ఇంజినీర్లను చదివించడమేమిటని కొందరు అడుగుతారు. రీయింబర్స్‌మెంట్ ఎత్తేస్తే ఆ కూలీల పన్ను తగ్గదు. వాళ్ల పిల్లలు మాత్రం కాలేజీ గడప తొక్కలేరు.

చదువుకుని జీతం తెచ్చుకుంటారు కదా, బ్యాంకు అప్పు ఇస్తే సరిపోతుందనేది మరో వాదన. ఇంగ్లండులో 1998లో వెయ్యి పౌండ్లతో మొదలైన ట్యూషన్ ఫీజు, 2012 నాటికి తొమ్మిది వేల పౌండ్ల పరిమితికి చేరింది. అమెరికాలో విద్యారుణాల మొత్తం లక్షన్నర కోట్ల డాలర్లు దాటింది. మన దగ్గర పొలం తాకట్టు పెట్టే దాకా వస్తే, చాలా ఇళ్లలో ముందు ఆగిపోయేది ఆడపిల్ల చదువే. అప్పు ఇస్తే చాలనేవారు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

రీయింబర్స్‌మెంట్ వల్లే నాసి కాలేజీలు పుట్టుకొచ్చాయన్న విమర్శలో నిజముంది. ఒక దశలో ఉమ్మడి రాష్ట్రంలో ఏడొందలకు పైగా ఇంజినీరింగ్ కాలేజీలుండేవి. ప్రభుత్వం తలలు లెక్కపెట్టి డబ్బు ఇచ్చింది. పాఠం చెప్పేవారున్నారా, ల్యాబ్ పనిచేస్తోందా అన్నది గట్టిగా అడగలేదు. ఆ తప్పు కట్టినందుకు వచ్చింది కాదు, అడగనందుకు వచ్చింది.

అదే ఏడాది మొదలైన మరో దారి

2008లోనే ప్రభుత్వం ఇంకో పని కూడా చేసింది. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో సొంతంగా ట్రిపుల్ ఐటీలు కట్టింది. పదో తరగతి మార్కులతో పల్లె పిల్లలను తీసుకుని, ఆరేళ్లు అక్కడే ఉంచి ఇంజినీర్లను చేసే క్యాంపస్‌లవి. తర్వాత ఒంగోలు, శ్రీకాకుళంలోనూ వచ్చాయి. ప్రభుత్వం తానే కాలేజీ నడిపితే ఫీజు బిల్లు చుట్టూ విద్యార్థి తిరిగే అవసరం చాలావరకు తప్పుతుంది. మన పిల్లలు ఎగబడి వెళుతున్న జర్మనీలో జరిగేదీ అదే. అక్కడి ప్రభుత్వం నేరుగా విశ్వవిద్యాలయాన్ని పోషిస్తుంది కాబట్టే చాలా చోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు.

మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకే ఆ పోషణ కరవైంది. ఏళ్ల తరబడి నియామకాలు లేక కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులతో శాఖలు నెట్టుకొస్తున్నాయి. కనీస వసతుల కోసం 2022 జూన్‌లో బాసర విద్యార్థులు ఎండావానల్లో కూర్చుని నిరసన చేయాల్సి వచ్చింది. చదువు మీద జాతీయాదాయంలో 6 శాతం పెట్టమని 1966లో కొఠారి కమిషన్ చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానమూ అదే అంకె చెప్పింది. మధ్యలో యాభై నాలుగేళ్లు గడిచాయి.

ఇవి చేయాలి

ఫీజు ఏ నెలలో కడతారో చట్టంలో రాయాలి. ఆలస్యమైతే వడ్డీ ప్రభుత్వమే భరించాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. దాన్ని ఉల్లంఘించిన కాలేజీ మీద జిల్లా స్థాయిలోనే చర్య తీసుకునే అధికారం ఉండాలి. అప్పుడు కాలేజీ తనకు రావాల్సిన బాకీని ప్రభుత్వం దగ్గరే వసూలు చేసుకుంటుంది, విద్యార్థి మధ్యలో నలగడు. అధ్యాపకులు, ల్యాబ్‌లు లేని కాలేజీకి డబ్బు ఆపి, అందులోని పిల్లలను పక్క కాలేజీలో చేర్చాలి. ఖర్చుపెట్టే ప్రతి కొత్త రూపాయీ ముందుగా ప్రభుత్వ కాలేజీ అధ్యాపక ఖాళీల భర్తీకి వెళ్లాలి.

రైతుకు రుణమాఫీ ఎప్పుడని ఎన్నికల సభల్లో అడుగుతున్నాం. మా పిల్లల ఫీజు ఏ తేదీన కడతారని కూడా అదే గొంతుతో అడగాలి. తేదీ చెప్పని ఏ హామీనీ ఇకమీదట హామీగా ఒప్పుకోకూడదు.