వేటగాడే బోనెక్కాడు

నేరస్థులను తెరపై వెంటాడిన షో ఎక్కువ కాలం నిలవలేదు. దాని సారథిపై కేసు మాత్రం 18 ఏళ్లు నడిచింది.

1998 మార్చి. అత్తాకోడళ్ల సీరియళ్లు ఇంకా తెరను ఆక్రమించని రోజులు. జీ టీవీలో ఒక యువకుడు కెమెరాలోకి సూటిగా చూస్తూ, పరారీలో ఉన్న నేరస్థుల చిట్టా విప్పడం మొదలుపెట్టాడు. నేరం ఎలా జరిగిందో నటీనటులతో చూపించడం, చివర్లో నిందితుడి ఫోటో, ఆచూకీ తెలిస్తే చెప్పండంటూ విజ్ఞప్తి. ‘ఇండియాస్ మోస్ట్ వాంటెడ్’ వరస ఇదే. ఢిల్లీ జామియా మిలియాలో చదువుకున్న సుహైబ్ ఇలియాసీ రాత్రికి రాత్రే దేశమంతా గుర్తుపట్టే ముఖమైపోయారు.

ఆలోచన అమెరికాది. అక్కడ ‘అమెరికాస్ మోస్ట్ వాంటెడ్’ను 1988 ఫిబ్రవరిలో ఫాక్స్ ఛానల్ ప్రారంభించింది. మొదటి ఎపిసోడ్‌లో చూపిన ఖైదీ నాలుగు రోజుల్లోనే దొరికాడు. దాని వ్యాఖ్యాత జాన్ వాల్ష్, 1981లో హత్యకు గురైన ఆరేళ్ల బాలుడి తండ్రి. ఆ షో ఫాక్స్‌లో 2011 దాకా సాగింది. మన షోకు ఆ ఆయుష్షు లేదు. ‘ఫ్యుజిటివ్ మోస్ట్ వాంటెడ్’ పేరుతో దూరదర్శన్‌కు మారినా పాత ఊపు నిలవలేదు.

పోలీసులకు ప్రేక్షకుడి కన్ను అక్కరకొచ్చిన మాట నిజమే. అయితే అప్పటికే వాళ్ల దగ్గర వేరే అస్త్రాలు సిద్ధమవుతున్నాయి. ఉత్తరప్రదేశ్ గ్యాంగ్‌స్టర్ శ్రీప్రకాశ్ శుక్లా జాడను ఎస్‌టీఎఫ్ మొబైల్ ఫోన్ ఆధారంగా పట్టి, 1998 సెప్టెంబరు 22న ఘజియాబాద్‌లో కాల్చి చంపింది.

అసలు చిక్కు మరోచోట ఉంది. జైలు నుంచి పారిపోయిన ఖైదీని చూపడం వేరు, విచారణే జరగని నిందితుడి కథను నటింపజేయడం వేరు. వార్తలో ‘ఆరోపణ’ అన్న మాట ఒకటి ఉంటుంది. తెరపై నటుడు కత్తి దూసి పొడిచాక ఆ మాటకు చోటెక్కడ?

2000 జనవరిలో తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్ ఇంట్లో ఇలియాసీ భార్య కత్తిగాయాలతో మరణించారు. ఆత్మహత్య అని ఆయన చెప్పారు. మార్చి 28న పోలీసులు ఆయన్ను అరెస్టు చేశారు. నిన్నటిదాకా కెమెరా ముందు నిలబడి ఇతరుల కేసులు చెప్పిన మనిషే ఇప్పుడు ఆ కెమెరాలకు కథావస్తువు. మొదట మోపినవి వరకట్న వేధింపులు, వరకట్న మృతి అభియోగాలు. మృతురాలి తల్లి పోరాటంతో 2014లో ఢిల్లీ హైకోర్టు హత్యాభియోగం కూడా చేర్చమంది. 2017 డిసెంబరులో కడ్‌కడ్‌డూమా కోర్టు యావజ్జీవ శిక్ష విధించింది. పది నెలలు తిరక్కుండానే, 2018 అక్టోబరు 5న హైకోర్టు ఆయన్ను నిర్దోషిగా విడిచిపెట్టింది. నేరాన్ని సందేహాతీతంగా రుజువు చేయలేకపోయారన్నది తీర్పు సారం. కూతురి కోసం కోర్టుల చుట్టూ తిరిగిన తల్లికి మాత్రం మిగిలింది మొదటి రోజు ప్రశ్నే.

షో పోయినా దాని బాణీ పోలేదు. సోనీలో ‘క్రైమ్ పెట్రోల్’ 2003లో, స్టార్ న్యూస్‌లో ‘సన్సనీ’ 2004లో వచ్చాయి. 2008 మేలో నోయిడాలో ఒక బాలిక, ఆ ఇంటి పనివాడు హత్యకు గురయ్యారు. దర్యాప్తు సంస్థల అనుమానం మారినప్పుడల్లా టీవీలో హంతకుడూ మారాడు. ఆ బాలిక తల్లిదండ్రులకు 2013లో యావజ్జీవం పడింది. 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు వారిని విడుదల చేసింది. ఆ జంట హత్యలు చేసిందెవరో ఏ కోర్టూ తేల్చలేదు. టీవీలో మాత్రం ఆ రాత్రి ఏం జరిగిందో ఎన్నోసార్లు, ఎన్నో రకాలుగా చూసేశాం.