మీకు తెలుసా? ఊడిపోయే పంటికి సిమెంటెందుకు?

“ఊడిపోయే పన్నేగా, దానికి సిమెంటెందుకే!” మా అక్క కూతురిని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే మా అమ్మమ్మ అన్న మాట ఇది. పాపకప్పుడు అయిదేళ్ళు. కింది దవడపంటి మధ్యలో చిన్న నల్లటి గుంట. తీపి తగిలితే జివ్వుమంటోందని రెండు రోజులుగా ఒకవైపే నములుతోంది. అమ్మమ్మ పైకి అనేసింది గానీ, చాలా ఇళ్ళలో ఉన్న ఆలోచనే అది. అందుకని ఈసారి కబుర్లన్నీ ఆ గుంట చుట్టూనే.

ఊడేది ఎప్పుడు?

పాలపళ్ళు మొత్తం 20. ముందుపళ్ళు ఆరేడేళ్ళకే ఊగడం మొదలుపెడతాయి, నిజమే. దవడపళ్ళు మాత్రం 10–12 ఏళ్ళ దాకా నోట్లో ఉండాల్సినవి. అంటే మా పాప ఇంకో అయిదారేళ్ళు ఆ పంటితోనే అన్నం నమలాలి. పీకించేస్తే పక్కపన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది. తర్వాత రావాల్సిన పన్ను చోటు దొరక్క వంకరగా మొలుస్తుంది. పైగా పాలపంటి ఎనామెల్ మందం పెద్దపంటి ఎనామెల్‌లో దాదాపు సగమే. లోపల నరం ఉండే గది మాత్రం పంటి సైజుతో చూస్తే పెద్దది. అందుకే పెద్దవాళ్ళకి ఏళ్ళు పట్టే పుచ్చు పిల్లల్లో నెలల్లోనే నరం దాకా పాకుతుంది.

పురుగు లేదు, క్రిమి ఉంది

పిప్పిపంట్లో పురుగుంటుందని, నేలవాకుడు గింజల పొగ పడితే రాలిపోతుందని మన పల్లెల్లో చెప్పుకునేవారు. పురుగు మాట ఉత్తదే గానీ, కంటికి కనపడని క్రిమి ఒకటి నిజంగానే ఉంది. 1924లో లండన్‌లో జె. కిలియన్ క్లార్క్ పుచ్చిన పళ్ళలోంచి దాన్ని వేరుచేసి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరు పెట్టాడు. ఇది పంటిని కొరకదు. మనం తిన్న చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతుంది. పంటి మీద జిగురుగా పట్టే పాచే దాని ఇల్లు. ఆ పాచి కింద పీహెచ్ 5.5 కంటే దిగిందంటే ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది.

పుట్టిన బిడ్డ నోట్లో ఈ క్రిమి ఉండదు. ఎక్కువగా తల్లి దగ్గర్నుంచే వస్తుంది. అన్నం వేడిగా ఉందేమోనని నోట్లో పెట్టుకు చూసి, అదే చెంచాతో బిడ్డకి పెడతామే, అలాగ. ఏ తల్లీ తెలిసి చేసే పని కాదు. కడుపుతో ఉన్నప్పుడే తన పళ్ళు చూపించుకుంటే బిడ్డకి అందే క్రిములు తగ్గుతాయి. ఈ ఒక్క సంగతి మన ఆడపిల్లలకి ఎవరూ గట్టిగా చెప్పరని నా బాధ.

గుంట పూడిస్తే సరిపోదా?

వెనకటి ఫిల్లింగులు గుంటను పూడ్చేవి, అంతే. వెండి, తగరం, రాగి పొడిలో పాదరసం కలిపి చేసే అమాల్గమ్ చాలా గట్టిది. బరువులో దాదాపు సగం పాదరసమే. కానీ అది పంటికి అంటుకోదు. క్రిమిని తగ్గించే గుణం పెద్దగా లేని దంతరంగు ఫిల్లింగులు వచ్చాక ఇంకో చిక్కు: అంచుల్లో సన్నటి సందు పడితే చాలు, పాచి అక్కడే పేరుకుంటుంది. పెట్టిన ఫిల్లింగు తీసి మళ్ళీ పెట్టాల్సి రావడానికి పెద్ద కారణాల్లో ఒకటి, దాని అంచునే పన్ను మళ్ళీ పుచ్చడం. ఇల్లు కట్టి తలుపు సందు వదిలేసినట్టు.

పిల్లల పళ్ళలో అమాల్గమ్ వాడకానికి రోజులు దగ్గరపడ్డాయి. యూరోపియన్ యూనియన్ 2018 జూలై 1 నుంచి 15 ఏళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి దాన్ని ఆపింది. డాక్టరు తప్పదనుకుంటే తప్ప వాడకూడదు. పాదరసంపై మినమాటా ఒప్పందంలో ఉన్న దేశాలు 2022లో ఇలాంటి నిర్ణయమే తీసుకున్నాయి.

పాప పంట్లో పెట్టింది గాజు!

డాక్టరమ్మ పక్కనే నిలబడి చూశాను. నున్నటి కాగితం ప్యాడ్ మీద చిన్న గరిటెడు తెల్లటి పొడి వేసింది. సీసాను నిట్టనిలువుగా తలకిందులు చేసి ఒక్క చుక్క ద్రవం వదిలింది. ప్లాస్టిక్ పుల్లతో అర నిమిషంలో కలిపేసింది, మెరుస్తున్న ముద్ద తయారైంది. “మెరుపు పోకముందే పెట్టెయ్యాలండీ, మెరుపు పోతే పంటికి పట్టదు” అంది. గుంటలో పెట్టి, వేలికి వాజిలిన్ రాసుకుని పైన కాసేపు అదిమి పట్టుకుంది. “బంగారూ, ముక్కుతో ఊపిరి తీసుకో, అయిపోయింది!” పాప ఏడవలేదు. గంటసేపు ఏమీ తినకూడదంటే మాత్రం మొహం ముడుచుకుంది.

ఆ పొడి గాజు. ఫ్లోరైడ్ కలిపి కరిగించి, మెత్తగా నూరిన గాజు. ద్రవం ఒక ఆమ్లం. రెండూ కలిస్తే గట్టిపడి, పంటిలోని కాల్షియంతో రసాయన బంధం వేసుకుంటుంది. దీని పేరు గ్లాస్ అయనోమర్ సిమెంటు. 1969లో లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ తయారుచేశారు. అమాల్గమ్‌కి లేనిది దీనికి ఉన్నదేమిటంటే, పంట్లో కూర్చున్నాక కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ ఊరిస్తూ ఉంటుంది. ఆ ఫ్లోరైడ్ చుట్టూ ఉన్న ఎనామెల్‌ని ఆమ్లానికి తట్టుకునేలా చేస్తుంది, క్రిమి ఆమ్లం తయారుచేసే పనికి కొంత అడ్డుపడుతుంది. దీనికీ లోపముంది. పళ్ళ మధ్య సందుల్లో పెద్ద గుంటలైతే త్వరగా అరిగిపోతుంది, ముక్క విరుగుతుంది.

డ్రిల్లు లేని ఊళ్ళో...

1980ల మధ్యలో టాంజానియాలో కరెంటు, డ్రిల్లు లేని ఊళ్ళలో నెదర్లాండ్స్ దంతవైద్యుడు యో ఫ్రెంకెన్ ఒక పద్ధతి మొదలుపెట్టాడు. మెత్తబడిన పుచ్చును చెంచాలాంటి చిన్న చేతి పనిముట్లతో గీకి తీసి, ఈ సిమెంటుతోనే మూసేయడం. సూది లేదు, గిర్రున తిరిగే చప్పుడూ లేదు. పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి? 1994 ఏప్రిల్ 7న, ప్రపంచ ఆరోగ్య దినం నాడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని ముందుకు తెచ్చింది. మా పాపకి చేసిందీ దాదాపు ఇదే.

చేత్తో గీకినప్పుడు కొన్ని క్రిములు అడుగున మిగిలిపోతాయి. నరం దగ్గర మరీ తవ్వకూడదని డాక్టర్లే కొంత కావాలని వదిలేస్తారు. సరిగ్గా ఇక్కడే క్రిమిసంహారక ఫిల్లింగుల కథ మొదలైంది. చిగుళ్ళ మౌత్‌వాష్‌లో ఉండే క్లోర్‌హెక్సిడిన్‌నే ఈ సిమెంటులో కలిపి చూశారు. బరువులో 1 శాతం దగ్గర కలిపితే క్రిములు బాగా తగ్గాయి, సిమెంటు బలమూ పెద్దగా పోలేదు. పెంచుకుంటూ పోతే సిమెంటు డీలా పడింది. పప్పులో ఉప్పులాంటిదే, పాళ్ళు కుదరాలి. ఇంకో చిక్కు, ఆ మందు తొలిరోజుల్లోనే ఎక్కువగా ఊరిపోయి తర్వాత పలచబడుతుంది. అడుగున మిగిలిన క్రిముల పని పట్టడానికి ఆ కొద్దిరోజులు విలువైనవే. ఏళ్ళ తరబడి కాపలా కాస్తుందని మాత్రం అనుకోకూడదు.

ఊరకుండానే చంపేది

మందు ఊరిపోకుండా ఫిల్లింగులోనే ఉండిపోతే? జపాన్‌లో ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన సతోషి ఇమజాటో బృందం 1990లలో ఈ దారి పట్టింది. ఫిల్లింగుని పంటికి అంటించే జిగురులోనే క్రిమిని చంపే అణువును గొలుసుకట్టుగా బిగించేశారు. దాని పేరు ఎం.డి.పి.బి. దానికి ధనావేశం ఉంటుంది, క్రిమి ఒంటి మీద రుణావేశం. దగ్గరికొచ్చిన క్రిమిని లాక్కుని, దాని పొరను చీల్చేస్తుంది. అణువు బయటికి పోదు కాబట్టి కరిగిపోవడమనేది ఉండదు. అయితే లాలాజలం పొర, చచ్చిన క్రిముల పొర దానిమీద కప్పుకుంటే కొత్త క్రిములు దాన్ని తాకలేవు, పని మందగిస్తుంది. ఈ జిగురు అంగట్లోకి వచ్చి చాలా ఏళ్ళే అయింది.

నలుపు ఖరీదు

అదే ఒసాకా నుంచి ఇంకో మందు. ఇది ఫిల్లింగు కాదు, పుచ్చు మీద బొట్టులా రాసేది: సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్. పిల్లల పళ్ళలో పుచ్చును ఇది ఆపుతుందని మిజుహో నిషినో, సహచరులు 1969లో రాశారు. గాజు సిమెంటు పుట్టిందీ అదే ఏడు. 1970 నుంచి జపాన్‌లో సఫోరైడ్ పేరుతో వాడుతున్నారు. వెండి క్రిమిని చంపుతుంది, ఫ్లోరైడ్ పంటిని గట్టిపరుస్తుంది. ఎక్కువగా వాడేది 38 శాతం ద్రావణం. దూదిలాంటి చిన్న బ్రష్‌తో ఒక నిమిషం అద్దితే చాలు. కుర్చీలో కూర్చోలేని రెండేళ్ళ పిల్లలకి, మత్తు ఇవ్వడం ప్రమాదమైన పిల్లలకి ఇది పెద్ద వరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో దీన్నీ, గ్లాస్ అయనోమర్‌నీ కలిపే చేర్చింది.

ఇబ్బంది ఒక్కటే, రాసిన పుచ్చు బొగ్గులా నల్లబడుతుంది. మళ్ళీ తెల్లబడదు. వెండి ఉగ్గుగిన్నెతో మురిపెంగా పాలు పట్టిన ఇంట్లో, పిల్ల నవ్వితే ముందుపన్ను నల్లగా కనిపించడం తేలిగ్గా మింగుడుపడదు. ఆ సంగతి డాక్టరు ముందే చెప్పి, తల్లిదండ్రులు ఒప్పుకున్నాకే రాయాలి. దవడపళ్ళకైతే నేను ఒక్క క్షణం కూడా ఆలోచించను. ఆ నలుపు పుచ్చు ఆగిందన్న గుర్తు. పైన సిమెంటు పెడితే చాలావరకు మరుగవుతుంది కూడా.

క్రిమిని చంపకుండానే...

స్కాట్లాండ్‌లో నార్నా హాల్ అనే దంతవైద్యురాలు పుచ్చును గీకకుండా, డ్రిల్లు పెట్టకుండా, పాలదవడపంటి మీద నేరుగా స్టీలు క్యాప్ బిగించేసేది. లోపలి క్రిములకి చక్కెర అందదు, తిండి లేక చేతులెత్తేస్తాయి. డండీ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆమె రికార్డులు పరిశీలిస్తే ఆ పళ్ళు బాగా నిలిచాయని తేలింది. ఇప్పుడది ఆమె పేరుతోనే హాల్ పద్ధతి.

ఆ వాసన మీకు తెలుసు

పళ్ళ ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ముక్కుకి తగిలే ఘాటు లవంగానిది. లవంగనూనెలోని యూజినాల్‌ని జింక్ ఆక్సైడ్ పొడితో కలిపిన ముద్దను తాత్కాలిక ఫిల్లింగుగా, పాలపళ్ళ వేళ్ళు నింపడానికీ చాలాకాలంగా వాడుతున్నారు. యూజినాల్ నొప్పిని మత్తుపరుస్తుంది, క్రిముల్నీ చంపుతుంది. పంటి కింద లవంగం పెట్టమన్న అమ్మమ్మ మాటలో పస ఉంది. కాకపోతే లవంగం గుంటను మూయదు.

సిమెంటుకి రాత్రి భోజనం

ఫ్లోరైడ్ అంటే మనవాళ్ళకి భయం. ఉండాల్సిందే. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి నివేదికల్లో ఒకటి 1937లో నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. నల్లగొండ సంగతి చెప్పక్కర్లేదు. అక్కడి దెబ్బ ఏళ్ళ తరబడి తాగిన నీళ్ళది. తాగునీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫిల్లింగులోంచి ఊరేది దాని ముందు చాలా కొద్ది. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరైతే ఆ సంగతి డాక్టరుతో ముందే చెప్పండి.

గాజు సిమెంటులో ఫ్లోరైడ్ తొలివారాల్లో ఎక్కువగా ఊరి, తర్వాత తగ్గుతుంది. పేస్టుతో తోమినప్పుడల్లా అది మళ్ళీ కొంత ఫ్లోరైడ్ పీల్చుకుంటుంది, తర్వాత మెల్లగా వదులుతుంది. ఫిల్లింగుకి రోజూ భోజనం పెట్టడమే. మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యపుగింజంత పేస్టు, ఆ తర్వాత ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. తోమాక ఉమ్మేస్తే చాలు, గ్లాసుడు నీళ్ళతో పుక్కిలించి ఉన్న ఫ్లోరైడంతా కడిగెయ్యక్కర్లేదు.

రాత్రిపూట పాప బ్రష్ మీద పేస్టు వేసేది ఇప్పుడు అమ్మమ్మే. బఠాణీ గింజ దాటనివ్వదు.