అద్దము లేని కెమెరా

మా తాతగారి పెట్టెలో ఒక తాళపత్ర వైద్యగ్రంథము కలదు. ఏటేట దాని అంచులు పొడియగుచున్నవి. అక్షరములు పోకముందే వానికి ఛాయాచిత్రములు తీయవలెనను ఆతురతయే ఈ వయస్సున నాచే ఒక జపాను కెమెరాను కొనిపించినది. మా మేనల్లుడు టోక్యోనుండి వచ్చుచు దానిని తెచ్చి, సుంకము చెల్లించిన రసీదుతో సహా నా చేతిలో పెట్టెను.

దీనిని ‘మిర్రర్‌లెస్’ అందురు. పాత ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో కటకము వెనుక ఏటవాలుగా ఒక అద్దముండి, వెలుగును పైకి మరలించి, పట్టకము ద్వారా మన కంటికి చేర్చును. మీట నొక్కినపుడు అద్దము ఎగిరి తప్పుకొనును. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ ఈ పద్ధతికి గొప్ప పేరు తెచ్చెను. 2008లో పానసోనిక్ జి1 అద్దమును తొలగించి, వెలుగును గ్రహించు ఫలకముపై పడిన బొమ్మనే ఒక చిన్న తెరపై కంటికి చూపెను. అద్దమునకు చోటక్కరలేదు గనుక కెమెరా పలుచనైనది. నికాన్ పాత పద్ధతిలో కటకము తగిలించు అంచునుండి ఫలకమునకు 46.5 మిల్లీమీటర్లుండగా, 2018లో వచ్చిన జెడ్ పద్ధతిలో 16 మాత్రమే. మిగిలిన చోట ఒక అడాప్టరు నమర్చి పాత కటకములను గూడ వాడవచ్చును. నేను కొన్నది వేరొక సంస్థదే యైనను, నా పాత 50 మిల్లీమీటర్ల కటకము ఇట్లే మరల కన్ను తెరచినది.

పెట్టె విప్పగానే గర్వభంగమైనది. తెరపై నున్నదంతయు జపాను లిపి! ఆ దేశమున అమ్ముటకై చేసిన కొన్ని కెమెరాలలో వేరొక భాష యుండదట. ముప్పది యేండ్లు ఛందస్సు బోధించినవాడను, ఓనమాలు రాని బాలునివలె కూర్చుంటిని. ఏ గుర్తు దేనికో మేనల్లుడు ఒక కాగితముపై వ్రాసి యిచ్చెను. అదియే నా పెద్దబాలశిక్ష. దాని మరమ్మతు హామీ కూడ మన దేశమున చెల్లదు. కొనబోవువారు ఈ రెండును ముందే అడుగుట మంచిది.

తొలి పరీక్ష విఫలమైనది. ట్యూబులైటు క్రింద నిశ్శబ్దపు షట్టరుతో తీయగా బొమ్మ నిండ చారలు! ఆ షట్టరు ఫలకమును వరుసవరుసగా చదువును. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది గనుక దీపము సెకనుకు 100 మారులు మినుకుమనును. ఆ మినుకులే చారలైనవి.

మఱునాటి యుదయమున బల్లను కిటికీ ప్రక్కకు జరిపితిని. గంటముతో గీచిన అక్షరమునకు మసి పూయుదురు గదా. మసి పోయినను గాడి మిగులును. వెలుగు ప్రక్కనుండి ఏటవాలుగా పడినచో గాడిలో నీడ నిలుచును. తెరపై బొమ్మను పెద్దది చేసి, కటకపు వలయమును మెల్లగా త్రిప్పుచుండగా, బోడిగా కనబడిన ఆకుపై ‘శొంఠి’ తేలినది. దాని ప్రక్కనే ‘పలము’. ఎగురుటకు అద్దము లేదు, అదురును లేదు. నేను మాత్రము కొంత అదరితిని.

118 ఆకులలో 42 ముగిసినవి. తెర ఎల్లప్పుడు వెలుగుచుండుటచే బ్యాటరీకి ఆకలి మెండు. రెండవది కొనక తప్పలేదు. వానలకు ముందే తక్కినవి తీయవలెను. కాని చివరి పదునొకండు ఆకులు ఒకదానికొకటి అంటుకొని యున్నవి. వానిని విడదీయుటకు ఏ కెమెరాయు పనికిరాదు, చేయి తిరిగినవారు కావలెను. వారి కొఱకు వెదకుచున్నాను.