విమానానికి బట్ట అంటించాలంటే ఏ జిగురు? ఏ పూత? | ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్

ఈరోజు టాపిక్ వింటే కొంచెం నవ్వొస్తుంది. బట్ట కట్టుకున్న విమానాలు! నిజంగానే బట్ట. ఇనప గొట్టాలతోనో చెక్కతోనో అస్థిపంజరం చేసి, దానిమీద బట్ట లాగి అంటించి, పైన పూత వేస్తారు. అమెరికా పైపర్ కబ్ అలాంటిదే. 1958లో మొదటిసారి ఎగిరిన మన హెచ్ఏఎల్ పుష్పక్ కూడా అంతే. ఇక్కడి ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎంతోమంది దానిమీదే నేర్చుకున్నారు.

మరి జిగురు గురించి ఒక ఎపిసోడ్ ఎందుకు? స్టీవ్ విట్‌మన్ అని అమెరికాలో పెద్ద పేరున్న రేసింగ్ పైలట్, డిజైనర్. ఆష్‌కాష్ ఎయిర్‌పోర్టుకి ఆయన పేరే పెట్టారు. 1995లో, 91 ఏళ్ల వయసులో, భార్యతో కలిసి తను కట్టుకున్న విమానంలో వెళ్తుంటే అలబామాలో అది గాల్లోనే విరిగిపోయింది. ఇద్దరూ చనిపోయారు. దర్యాప్తులో ఏం తేలిందంటే, రెక్క మీద బట్ట సరైన పద్ధతిలో అంటించలేదు. అది ఊడింది, దాంతో రెక్క విపరీతంగా ఊగిపోయింది. అంత అనుభవం ఉన్నాయనకే అలా జరిగిందంటే ఆలోచించండి.

ఓకే, ఇప్పుడు అసలు విషయం. పాతకాలంలో నూలు బట్ట మీద "డోప్" పూసేవాళ్లు. ఇది ఆరుతూ బట్టని డప్పు చర్మంలా బిగిస్తుంది. రెండు రకాలు: నైట్రేట్, బ్యూటరేట్. నైట్రేట్ బట్టకి బాగా పట్టుకుంటుంది, కానీ పెట్రోల్‌లా భగ్గుమంటుంది. మన నెయిల్ పాలిష్‌లో ఉండేది కూడా ఈ జాతి పదార్థమే. బ్యూటరేట్ అంత తేలిగ్గా అంటుకోదు. అందుకే కింద నైట్రేట్, పైన బ్యూటరేట్. ఈ వరస తిరగేస్తే మాత్రం పూత పట్టుకోదు, పెచ్చులు లేస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఎక్కువగా వాడేది పాలిస్టర్. దీన్ని బిగించేది డోప్ కాదు, ఇస్త్రీ పెట్టె! ముందు సుమారు 120 డిగ్రీల సెల్సియస్, చివర్లో 177. అంతకంటే బాగా ఎక్కువైతే బట్ట మళ్లీ వదులైపోతుంది, ఇక బిగుసుకోదు. అందుకే పెట్టె మీద ఉన్న నంబర్ నమ్మరు, థర్మామీటర్‌తో కొలుస్తారు.

పాలిస్టర్‌కి పెద్ద శత్రువు ఎండ. అందుకని మధ్యలో అల్యూమినియం పొడి కలిపిన వెండిరంగు పూత వేస్తారు. అది అందం కోసం కాదు, అల్ట్రావయొలెట్‌ని ఆపడానికి. పైన ఎంత మంచి రంగేసినా ఇది పల్చగా ఉంటే బట్ట లోపల్నుంచి కుళ్లిపోతుంది.

మరి ఏది ఎంచుకోవాలి? పాలీఫైబర్ లాంటి వినైల్ పూతకి రిపేర్ ఈజీ. ద్రావకంతో తుడిస్తే కరుగుతుంది, కొత్త ముక్క అంటించొచ్చు. పాలీయురేథేన్ అద్దంలా మెరుస్తుంది, కానీ చిరిగితే రిపేర్ తలనొప్పి. వాసన పడకపోతే స్టీవర్ట్ లాంటి నీటి ఆధారిత సిస్టమ్స్ ఉన్నాయి.

ఇంకో మాట. మాస్క్ ఆప్షనల్ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం మొదట్లో బ్రిటన్ ఫ్యాక్టరీల్లో డోప్‌లోని టెట్రాక్లోరోఈథేన్ వల్ల కార్మికుల లివర్ పాడై కామెర్లొచ్చాయి, కొందరు చనిపోయారు కూడా. రెండు భాగాలు కలిపి కొట్టే యురేథేన్‌కి మామూలు మాస్క్ చాలదు, బయటి నుంచి గాలి అందించేది కావాలి.

ఫైనల్‌గా మూడు రూల్స్. ఒకటి, ఒక సిస్టమ్ మొదలుపెడితే జిగురు నుంచి పై రంగు దాకా అదే. దీన్నుంచి కొంచెం, దాన్నుంచి కొంచెం అనొద్దు. సర్టిఫైడ్ విమానానికైతే అది చట్టం కూడా. రెండు, జిగురు ఒక్కటే నమ్మొద్దు. ఎగిరేటప్పుడు రెక్క పైన బట్టని గాలి పైకి లాగుతుంది కాబట్టి, దాన్ని లోపలి పక్కటెముకలకి దారంతో కుట్టడమో, స్క్రూలు, రివెట్లు బిగించడమో చేయాలి. మూడు, మాన్యువల్ చదవండి, ముందు చిన్న ముక్క మీద ట్రై చేయండి. ఊడొచ్చేదేదో టేబుల్ మీదే ఊడితే మనకే మంచిది. గాల్లో ఊడితే రెండో ఛాన్స్ ఉండదు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం ఫ్రెండ్స్, బై!