గర్భంతో ఉన్నప్పుడు రొమ్ములు అతిగా పెరుగుతున్నాయా? సిగ్గుపడి దాచొద్దు

గర్భం వచ్చాక రొమ్ములు కాస్త పెరగడం, బరువుగా అనిపించడం మామూలే. బిడ్డకు పాలిచ్చేందుకు శరీరం చేసుకునే ఏర్పాటు అది. కానీ చాలా అరుదుగా కొందరిలో ఈ పెరుగుదల ఆగదు. కొన్ని వారాల్లోనే ఒక్కో రొమ్ము కిలోన్నరకు మించి పెరిగిపోవచ్చు. దీన్నే డాక్టర్లు ‘జెస్టేషనల్ జైగాంటోమాస్టియా’ అంటారు. 28 వేల నుంచి లక్ష గర్భాల్లో ఒకరికి వస్తుందని అంచనా.

ఎందుకు వస్తుంది?

అసలు కారణం ఇంకా తేలలేదు. గర్భంలో పెరిగే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, ప్రొలాక్టిన్ హార్మోన్లకు రొమ్ములు అతిగా స్పందించడం వల్లేనని భావిస్తున్నారు. రక్తపరీక్షలో హార్మోన్లు నార్మల్‌గానే ఉన్నా ఈ సమస్య రావచ్చు. ఇది తిండి వల్లో, దిష్టి వల్లో వచ్చేది కాదు. ఇందులో ఆ తల్లి తప్పేమీ లేదు.

ఇది క్యాన్సర్ కాదు. అయితే కొన్ని గడ్డలు, లింఫోమా లాంటి జబ్బుల్లోనూ రొమ్ము ఉబ్బుతుంది. అందుకే అల్ట్రాసౌండ్, అవసరమైతే ముక్క తీసి పరీక్ష చేస్తారు. అల్ట్రాసౌండ్‌తో కడుపులోని బిడ్డకు హాని ఉండదు.

చికిత్స ఏంటి?

మొదట గట్టి సపోర్ట్ ఇచ్చే బ్రా, నొప్పి తగ్గించే మందులు, చర్మం పగలకుండా జాగ్రత్తలు. రొమ్ముల కింద చెమట నిలవకుండా పొడిగా ఉంచుకోవాలి. ప్రొలాక్టిన్‌ను తగ్గించే బ్రోమోక్రిప్టిన్ మాత్రలతో కొందరిలో పెరుగుదల ఆగుతుంది, అందరిలో కాదు. ఈ మందుతో పాలు కూడా ఆగిపోతాయి. బీపీ ఉన్నవాళ్లకు ప్రమాదం కావచ్చు. కాబట్టి సొంతంగా మెడికల్ షాపులో కొని వాడకూడదు.

పుండ్లు పడి చర్మం కుళ్లినా, రక్తస్రావం ఆగకపోయినా ఆపరేషన్ తప్పదు. వీలైతే కాన్పు అయ్యేదాకా ఆగుతారు. సైజు తగ్గించే ఆపరేషన్ చేస్తే తర్వాతి గర్భంలో మళ్లీ పెరిగే అవకాశం ఉంది. రొమ్ము పూర్తిగా తీసేస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది, తర్వాత కొత్త ఆకారం కల్పించొచ్చు. ఏది మేలో తల్లితో మాట్లాడాకే నిర్ణయిస్తారు.

కాన్పు తర్వాత చాలామందిలో వాపు తగ్గుతుంది. కానీ మునుపటిలా కాకపోవచ్చు.

ఎప్పుడు వెళ్లాలి?

రొమ్ములు రోజురోజుకూ పెరుగుతున్నా, చర్మం ఎర్రబడి బిగుసుకున్నా, పుండు పడినా, జ్వరం వచ్చినా వెంటనే గైనకాలజిస్టుకు చూపించాలి. మగ డాక్టర్ దగ్గర ఇబ్బందిగా ఉంటే లేడీ డాక్టర్ కావాలని అడగొచ్చు. కాన్పయ్యాక చూద్దాంలే అని ఇంట్లోవాళ్లు ఆపకూడదు. చర్మం పగలక ముందే వెళ్తే మందులతో ప్రయత్నించే టైమ్ ఉంటుంది. ఆలస్యమైతే ఆపరేషనే మిగులుతుంది.